పానగల్ ప్రాంతంలో కొలను మొక్కల పెంపకం

పెరటి కొలనులలోను, నీటి తొట్లలోను అందం కోసం, నీటి శుభ్రత కోసం పెంచే తామర, కలువ, వస, నాచు మొదలైన నీటి మొక్కలను కొలను మొక్కలు అంటారు. తెలంగాణ రాష్ట్రంలోని నల్గొండ పట్టణానికి చేరువలో ఉన్న పానగల్ ప్రాంతపు నేల, నీరు, ఎండ, వానలను దృష్టిలో ఉంచుకొని ఈ మొక్కలను ఎంచుకొనే విధానం, నాటే పద్ధతి, వాటి వలన కలిగే మేలు, కీడు ఈ వ్యాసంలో వివరించబడినవి. ఇదే పేరుతో వనపర్తి జిల్లాలో (పూర్వపు మహబూబ్ నగర్ జిల్లా) కొండకోట గల పానగల్ మరొకటి ఉన్నది. అదీ మెట్ట ప్రాంతమే కనుక ఇక్కడి విషయాలు చాలావరకు అక్కడికీ వర్తిస్తాయి.

నేపథ్యం

పానగల్ కందూరు చోడుల రాజధానులలో ఒకటి. ఇక్కడి ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం ప్రసిద్ధమైనవి. గ్రామాన్ని ఆనుకొని ఉన్న ఉదయ సముద్రం అనే పెద్ద చెరువు కూడా కందూరు చోడుల కాలం నాటిదే. వర్షాధారమైన ఈ మెట్ట ప్రాంతంలో గుడి, చెరువు, కోనేరు కలిసే వెలిశాయి. తామర, కలువ ఈ నేలకు కొత్తవి కావు. చెరువు శిఖంలోను, కుంటలలోను అవి తరతరాలుగా పెరుగుతున్నవి. పెరటి కొలను పెంపకం ఆ సంప్రదాయానికి చిన్న రూపం మాత్రమే.

ఆధునిక కాలంలో ఉదయ సముద్రం ప్రాముఖ్యం మరింత పెరిగింది. నాగార్జునసాగర్ జలాశయం నుండి పుట్టంగండి వద్ద ఎత్తిపోసిన కృష్ణా జలాలు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ ద్వారా ఈ చెరువుకు చేరుతాయి. సాగునీటికే కాక, ఫ్లోరైడ్ బాధిత గ్రామాల తాగునీటికి కూడా ఇది ఆధారం. కనుక ఈ చెరువు చుట్టుపక్కల పెరళ్ళలో ఏ నీటి మొక్కను పెంచుతున్నారన్నది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. పెరటి నుండి కాలువకు, కాలువ నుండి చెరువుకు చేరిన ఒక్క చెడు మొక్క వేల మంది తాగే నీటిని కప్పివేయగలదు.

శీతోష్ణస్థితి, నేల, నీరు

* ఎండ: ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కొన్ని రోజులలో 45 డిగ్రీల దాకా పోతుంది.
* వాన: సాలీనా సుమారు 700 నుండి 750 మిల్లీమీటర్ల వర్షపాతం. అందులో ఎక్కువ భాగం జూన్ - సెప్టెంబరు నెలల మధ్య నైరుతి ఋతుపవనాల వలన కురుస్తుంది.
* నేల: ఎర్ర చల్క నేలలు ఎక్కువ. అక్కడక్కడ నల్లరేగడి కలదు. చల్క నేలలో నీరు నిలువదు. రేగడి నేల ఎండకు పగుళ్ళు బారుతుంది. అందుచేత ఏ నేలలోనైనా కొలనుకు అడుగున, గోడలకు నీరు ఇంకని పొర తప్పనిసరి.
* భూగర్భ జలం: బోరు నీటిలో ఫ్లోరైడ్, లవణాలు ఎక్కువ. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. నల్గొండ జిల్లాలో ఎన్నో బోర్ల నీరు ఈ హద్దును దాటింది. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి 'నల్గొండ పద్ధతి' అనే పేరు ఈ జిల్లా నుండే వచ్చింది.

వేసవిలో ఇక్కడ నీటి ఉపరితలం నుండి రోజుకు సుమారు 8 నుండి 10 మిల్లీమీటర్ల మందాన నీరు ఆవిరి అవుతుంది. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల కొలను రోజుకు దాదాపు 60 లీటర్లు, నెలకు 1,800 లీటర్లు కోల్పోతుంది. ఆ కొలను లోతు 60 సెంటీమీటర్లు అయితే అందులో పట్టే నీరు 3,600 లీటర్లే. అనగా మే నెలలో సగం కొలను ఆవిరైపోతుందన్న మాట. పోయిన నీటి స్థానంలో బోరు నీటినే పోస్తూ ఉంటే నీరు ఆవిరవుతుంది కాని అందులోని లవణాలు, ఫ్లోరైడ్ అక్కడే మిగిలి ఏటికేడు చిక్కబడతాయి. ఈ లెక్క చూసుకున్న తరువాతే కొలను పరిమాణాన్ని నిర్ణయించుకోవాలి. నీటి ఎద్దడి ఉన్న ఇళ్ళకు కొలను కంటె నీటి తొట్టి మేలు.

నీటి ఎంపిక

కొలనుకు వాన నీరు శ్రేష్ఠం. డాబా మీద పడిన వాన నీటిని గొట్టం ద్వారా కొలనులోకి మళ్ళించి, పొర్లిన నీటిని ఇంకుడు గుంతకు పంపడం మంచి ఏర్పాటు. 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 5,000 లీటర్ల నీరు వస్తుంది. పైన చెప్పిన కొలను ఒకే వానకు నిండుతుంది.

కుళాయి నీటిని వాడితే అందులోని క్లోరిన్ పోవడానికి ఒకటి రెండు రోజులు ఎండ తగిలేలా నిలువ ఉంచాలి. అయితే 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వంటి పథకాల నీరు తాగడానికి ఉద్దేశించినది. దానిని కొలను నింపడానికి వాడడం సమంజసం కాదు.

నీటిని శుద్ధి చేసే ఆర్.ఓ. యంత్రం నుండి బయటికి పోయే వృథా నీటిని కొలనులో పోయడం కొందరి అలవాటు. పొదుపుగా కనిపించినా ఇది సరి కాదు. ఆ నీటిలో మూల జలం కంటె ఎక్కువ గాఢతలో లవణాలు, ఫ్లోరైడ్ ఉంటాయి. దానిని బకెట్లలో పట్టి నేల కడగడానికి, మరుగుదొడ్డికి వాడుకోవచ్చు.

మొక్కల వర్గీకరణ

కొలను మొక్కలను అవి పెరిగే చోటును బట్టి నాలుగు తరగతులుగా విభజిస్తారు.

1. మునిగి ఉండే మొక్కలు: హైడ్రిల్లా, వాలిస్నేరియా, సెరటోఫిల్లం వంటివి. వీటిని వాడుకలో నాచు అనే అంటారు. ఇవి పగటివేళ నీటిలోకి ప్రాణవాయువును విడుదల చేస్తాయి. నీటిలో కరిగిన పోషకాలను పీల్చుకొని పచ్చనీరు రాకుండా కాపాడతాయి.
2. వేరు మట్టిలో, ఆకు నీటిపై ఉండే మొక్కలు: కలువ జాతులు. వీటి ఆకులు నీటికి నీడనిస్తాయి.
3. ఆకులు, పూలు నీటిపైకి లేచే మొక్కలు: తామర, జమ్ము, తుంగ, మెట్టతామర, చేమ, వస, నీటి బ్రాహ్మి మొదలైనవి. తామర తప్ప మిగిలినవి ఎక్కువగా గట్టు అంచున పెరుగుతాయి.
4. వేరు కూడా నీటిలోనే తేలే మొక్కలు: అంతర తామర, గుర్రపు డెక్క, సాల్వీనియా. వీటిలో చాలావరకు వర్జించవలసినవే.

తామరకు, కలువకు భేదం

ఈ రెండింటిని ఒకటిగా పొరబడేవారు కలరు. వృక్షశాస్త్రం ప్రకారం ఇవి వేరు వేరు కుటుంబాలకు చెందినవి.

* తామర శాస్త్రీయ నామం నిలంబో న్యూసిఫెరా. ఇది భారతదేశపు జాతీయ పుష్పం. ఆకు గుండ్రంగా ఉండి, కాడ ఆకు నడుమ అతుక్కొని ఉంటుంది. ఆకులో చీలిక ఉండదు. తొలి ఆకులు నీటిపై తేలినా, తరువాతి ఆకులు, పూలు నీటి మట్టం పైకి లేస్తాయి. ఆకుపై పడిన నీరు ముత్యంలా జారిపోతుంది. ఆకు మీద గల అతి సూక్ష్మమైన మైనపు బుడిపెలే దీనికి కారణమని జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ బార్ట్‌లాట్ 1997లో వివరించాడు.
* కలువ నింఫియా ప్రజాతికి చెందినది. ఆకుకు ఒక పక్క అంచు నుండి కాడ దాకా చీలిక ఉంటుంది. ఆకు నీటిపై పరచుకొని ఉంటుంది.

తామర సూర్యునికి, కలువ చంద్రునికి వికసిస్తాయనేది కవి సమయం. ఇందులో వాస్తవం కొంత కలదు. తెల్ల కలువ (నింఫియా ప్యూబెసెన్స్), ఎర్ర కలువ లేక చెంగలువ (నింఫియా రూబ్రా) సాయంత్రం విచ్చుకొని మరునాటి ఉదయం ముడుచుకుంటాయి. నల్ల కలువ లేక నీలి కలువ (నింఫియా నౌచాలి) మాత్రం పగలే పూస్తుంది. పగలు ఉద్యోగానికి వెళ్ళి సాయంత్రం ఇల్లు చేరేవారికి తెల్ల కలువ, చెంగలువ అనుకూలం.

తెలుగు, సంస్కృత భాషలలో తామరకు పద్మం, కమలం, అరవిందం, పంకజం, సరోజం, నళినం, రాజీవం, శతపత్రం అనే పేర్లు కలవు. తెల్ల తామరను పుండరీకం అని, ఎర్ర తామరను కోకనదం అని అంటారు. కలువకు ఉత్పలం, కుముదం, కువలయం, నల్ల కలువకు ఇందీవరం అనే పేర్లు వాడుకలో ఉన్నవి.

పానగల్ ప్రాంతానికి అనువైన మొక్కలు

* తామర: నిండు ఎండ, బురద మట్టి కావాలి. 40 డిగ్రీల ఎండను తట్టుకుంటుంది. చిన్న కొలనులో నేరుగా అడుగు మట్టిలో నాటితే దుంప పాకి మొత్తం ఆక్రమిస్తుంది. కనుక వేరే తొట్టిలో నాటి, ఆ తొట్టిని కొలనులో దించాలి.
* తెల్ల కలువ, చెంగలువ, నీలి కలువ: ఈ మూడూ మన దేశపు జాతులు. మనకు బాగా అలవాటు పడినవి. సంరక్షణ తక్కువ.
* సంకర కలువలు: నర్సరీలలో దొరికే పసుపు, గులాబి, ఎర్ర రంగుల కలువలలో చాలా రకాలకు మూలం ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ బోరీ లాటూర్ మార్లియాక్ 19వ శతాబ్దపు చివరిలో చేసిన సంకరణ ప్రయోగాలు. చిత్రకారుడు క్లాడ్ మోనె తన కొలనుకు ఆయన నర్సరీ నుండే కలువలు తెప్పించుకున్నాడు. చలిదేశాల కోసం రూపొందిన రకాలు మన వేసవిలో కొంత వాడతాయి. ఉష్ణమండల రకాలను అడిగి తీసుకోవడం మంచిది.
* నీటి బ్రాహ్మి (బకోపా మొన్నియెరి): గట్టు మీద చాపలా పాకి సిమెంటు అంచును కప్పుతుంది. చిన్న తెల్లని పూలు పూస్తుంది.
* వస: సువాసన గల దుంప కలిగిన ఔషధ మొక్క. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలని తూర్పు గట్టున బాగా నిలుస్తుంది.
* పొన్నగంటి కూర, తూటికూర: తినదగిన ఆకుకూరలు. తడి అంచున సులభంగా పెరుగుతాయి. అయితే బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే అది ఆకులలోనూ చేరుతుంది. వంటకు వాడదలిస్తే వాన నీటి కొలనులోనే పెంచాలి.
* మెట్టతామర, గొడుగు తుంగ: అంచున ఎత్తుగా పెరిగి నీడనిస్తాయి. కుండీలలోనే ఉంచాలి.
* హైడ్రిల్లా, వాలిస్నేరియా: నీటి శుభ్రతకు. హైడ్రిల్లా త్వరగా పెరుగుతుంది కనుక నెలకొకసారి పలచన చేయాలి.

జమ్ము చూడడానికి అందంగా ఉన్నా చిన్న కొలనుకు పనికిరాదు. దాని పదునైన వేరు కొమ్ములు ప్లాస్టిక్ పొరను చీల్చుకొని పోగలవు. దక్షిణ అమెరికాకు చెందిన విక్టోరియా అమెజోనికా ఆకు రెండు మీటర్లకు పైగా వ్యాసం కలది. కోల్‌కతా సమీపాన శివపూర్‌లోని బొటానిక్ గార్డెన్ వంటి పెద్ద కొలనులకే అది తగినది.

కొలను ఏర్పాటు

స్థలం: రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. నీడలో కలువ ఆకులే వస్తాయి కాని పూలు రావు. వేప, చింత వంటి చెట్ల కింద కొలను తవ్వరాదు. రాలిన ఆకులు కుళ్ళి నీరు నల్లబడుతుంది. వేర్లు గోడలను పగలగొడతాయి.

లోతు: నడుమ 60 సెంటీమీటర్లు, ఒక పక్క 25 నుండి 30 సెంటీమీటర్ల లోతున మెట్టు, అంచున 10 సెంటీమీటర్ల మెట్టు ఉండేలా తవ్వుకుంటే అన్ని తరగతుల మొక్కలకు చోటు దొరుకుతుంది. మరీ లోతు తక్కువైన కొలను వేసవిలో మధ్యాహ్నానికి వేడెక్కి చేపలు చనిపోతాయి.

పొర: సిమెంటు కొలను లేదా దళసరి ప్లాస్టిక్ పొర వేసిన కొలను రెండూ పనికివస్తాయి. కొత్త సిమెంటు నుండి సున్నం నీటిలోకి దిగి క్షారగుణం పెరుగుతుంది. కాబట్టి కొలను నింపి వారం రోజులు ఉంచి తోడివేయడం మూడుసార్లు చేసిన తరువాతే మొక్కలు, చేపలు వదలాలి. తోడిన నీరు నిర్మాణపు పనికి, గోడలు తడపడానికి ఉపయోగపడుతుంది.

రక్షణ: పసిపిల్లలకు జానెడు లోతు నీరు కూడా ప్రాణాపాయమే. చిన్నపిల్లలు ఉన్న ఇంట కొలనుకు నీటి మట్టం కింద ఇనుప జాలీ గాని, చుట్టూ కంచె గాని ఉండి తీరాలి.

మట్టి, ఎరువు

నీటి మొక్కలకు బరువైన బంకమట్టి కావాలి. ఎండిన చెరువు మట్టి లేక నల్లరేగడి రెండు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు కలిపితే సరిపోతుంది. తెలంగాణలో చెరువు పూడిక మట్టిని పొలాలకు తోలుకోవడం పాత అలవాటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో కూడా పూడిక మట్టిని రైతులు పొలాలకు తరలించారు. ఆ మట్టి పెరటి కొలనుకు కూడా మంచిదే. అయితే దానిలో జమ్ము, తుంగ దుంపలు, గుర్రపు డెక్క విత్తనాలు లేకుండా జల్లించుకోవాలి.

నర్సరీలో కుండీ మొక్కలకు వాడే కొబ్బరి పొట్టు, ఆకు ఎరువు మిశ్రమం నీటిలో తేలిపోతుంది. పచ్చి పేడ నీటిలో పులిసి ప్రాణవాయువును హరిస్తుంది. బాగా మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు రెండు గుప్పిళ్ళు తొట్టి అడుగున వేసి, దానిపై 15 సెంటీమీటర్ల మందాన బంకమట్టి కప్పాలి. ఆపై మట్టి చెదరకుండా గులకరాళ్ళు పరచాలి.

నాటే విధానం

తామర దుంప నాటుట: ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం. తొలకరి తరువాత కూడా నాటవచ్చు. కనీసం రెండు కణుపులు, చెడని మొనగల దుంపను ఎంచుకోవాలి. మొన విరిగితే దుంప చాలావరకు కుళ్ళిపోతుంది. 45 నుండి 60 సెంటీమీటర్ల వెడల్పు గల, అడుగున రంధ్రం లేని తొట్టిలో సగం వరకు మట్టి నింపి, దుంపను అడ్డంగా పరచి, మొన మాత్రం కొంచెం పైకి ఉండేలా 5 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. మొదట మట్టిపై 5 సెంటీమీటర్ల నీరు చాలు. ఆకులు లేచిన కొద్దీ నీటిని పెంచి 15 నుండి 40 సెంటీమీటర్ల వరకు తీసుకురావచ్చు.

తామర గింజ నాటుట: గింజ పెంకు రాయి వలె గట్టిది. మొన లేని పక్కన ఇసుక కాగితంతో లేక బండపై అరగదీసి లోపలి తెల్లని భాగం కనిపించగానే ఆపాలి. శుభ్రమైన నీటిలో వేసి రోజూ నీరు మారిస్తే నాలుగు నుండి ఏడు రోజులలో మొలక వస్తుంది. ఆ పెంకు బలం వలననే చైనాలోని ఎండిన చెరువులో లభించిన సుమారు 1,300 ఏళ్ళ నాటి తామర గింజ మొలకెత్తినట్లు 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. గింజ మొక్క పూతకు రావడానికి తరచుగా ఏడాది పైన పడుతుంది. దుంప మొక్క అదే ఏడు పూస్తుంది. తినుబండారంగా అమ్మే మఖానా తామర గింజ కాదు, అది యూరియేల్ ఫెరాక్స్ అనే మరో నీటి మొక్క గింజ.

కలువ నాటుట: 30 సెంటీమీటర్ల వెడల్పు గల కుండీ చాలు. కలువ దుంపను నిలువుగా నాటి, ఆకులు పుట్టే కొన మట్టిపైన కనిపించేలా ఉంచాలి. కొన పూడిపోతే మొక్క చనిపోతుంది. కుండీని ఒకేసారి లోతుకు దింపరాదు. మొదట ఇటుకల మీద ఉంచి పైన 10 సెంటీమీటర్ల నీరు ఉండేలా చూడాలి. ఆకులు నీటి మట్టం చేరాక ఒక్కొక్క ఇటుక తీస్తూ దించాలి. కొన్ని సంకర నీలి కలువల ఆకు నడుమ పిల్ల మొక్కలు పుడతాయి. వాటిని తుంచి వేరే నాటుకోవచ్చు.

నాచు నాటుట: అయిదారు కాడలను కట్టగా కట్టి చిన్న రాయి తగిలించి అడుగున వదలాలి. చేపలు వదలడానికి మూడు నాలుగు వారాల ముందే నాచు నాటాలి.

శుభ్రపరచుట: కొత్తగా తెచ్చిన ఏ మొక్కనైనా పసుపు పచ్చని ఆకులు తీసి, పారే నీటిలో కడిగి, లేత గులాబి రంగు వచ్చేంత పలుచని పొటాషియం పర్మాంగనేటు నీటిలో పది నిమిషాలు ఉంచి మళ్ళీ కడగాలి. ఆ తరువాత పదిహేను రోజులు వేరే తొట్టిలో ఉంచితే నత్త గుడ్లు, వెంట వచ్చిన కలుపు మొక్కలు బయటపడతాయి.

ఎన్ని మొక్కలు: నీటి ఉపరితలంలో 50 నుండి 60 శాతం ఆకులతో కప్పి ఉంటే చాలు. 3 × 2 మీటర్ల కొలనుకు ఒక తామర తొట్టి, రెండు కలువ కుండీలు, పదిహేను ఇరవై నాచు కట్టలు, గట్టున నాలుగైదు చిన్న మొక్కలు సరిపోతాయి. మొదట్లో వెలితిగా కనిపించినా ఆరు నెలలలో నిండుతుంది.

ఏడాది పొడవునా సంరక్షణ

* జనవరి: తామర విశ్రాంతి కాలం. ఎండిన ఆకులు తీయాలి. కాడలను నీటి మట్టం కిందకు కోయరాదు. నీరు కాడ గొట్టాల గుండా దుంపలోకి చేరుతుంది.
* ఫిబ్రవరి - మార్చి: తొట్టి మట్టి మార్చి దుంపలు విడదీసి నాటాలి.
* ఏప్రిల్ - మే: సాయంత్రం పూట నీటిని కొద్ది కొద్దిగా నింపాలి. తామర, కలువ బాగా పూచే కాలం. నెలకొకసారి చెంచాడు మిశ్రమ ఎరువును కాగితంలో చుట్టి దుంపకు దూరంగా మట్టిలోకి గుచ్చాలి.
* జూన్ - సెప్టెంబరు: మొదటి వాన తరువాత డాబా కడిగిన మురికి నీటిని బయటికి వదలి, తరువాతి వానల నీటితో కొలను నింపాలి. లవణాలు పలచబడతాయి.
* అక్టోబరు - డిసెంబరు: ఎరువు ఆపాలి. పెరిగిన నాచును పలచన చేయాలి.

కొత్త కొలనులో నీరు పచ్చబడడం సహజం. నీటిని తోడి పారబోస్తే సమస్య మళ్ళీ మొదటికి వస్తుంది. నాచు, కలువ ఆకులు పెరిగిన మూడు నాలుగు వారాలకు నీరు దానంతట అదే తేరుకుంటుంది. ఆకులకు పట్టే పేనును నీటి ధారతో కడిగివేయాలి. చేపలున్న కొలనులో పురుగు మందులు చల్లరాదు.

దోమల నివారణ

కొలను దోమలకు నిలయమవుతుందనే భయం నిరాధారం కాదు. చేపలు లేని చిన్న తొట్టి దోమలకు అనువైన చోటు. మాన్సోనియా అనే దోమ పిల్లలు అంతర తామర, గుర్రపు డెక్క వేర్లలోకి గొట్టం గుచ్చి అక్కడి గాలిని పీలుస్తాయి. అవి ఊపిరికి నీటి పైకి రావు. ఈ దోమలు ఒక రకపు బోదకాలు వ్యాధిని వ్యాపింపజేస్తాయి. కనుక తేలే మొక్కలను వదిలివేయడమే మొదటి నివారణ.

దోమ పిల్లలను తినే గంబూసియా చేపను 1928లో మన దేశానికి తెచ్చారు. అది స్థానిక చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది. వర్షపు నీటితో పొర్లి చెరువుకు చేరే అవకాశం ఉన్నచోట దానికి బదులు పరిగెలు వంటి మన చిన్న చేపలను పెంచడం శ్రేయస్కరం. తామర తొట్టిలో కూడా రెండు మూడు చేపలు ఉండాలి.

వర్జించవలసిన మొక్కలు

గుర్రపు డెక్క: దక్షిణ అమెరికాకు చెందినది. ఊదారంగు పూల అందం చూసి 19వ శతాబ్దం చివరిలో బెంగాలుకు తెచ్చారు. కొద్ది దశాబ్దాలలో అది నదులను, వరి పొలాలను కప్పివేయగా 1936లో బెంగాల్ ప్రభుత్వం దాని నిర్మూలనకు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. అనుకూల పరిస్థితులలో రెండు వారాలలోపే ఇది రెట్టింపు అవుతుంది. పది మొక్కలు రెండు వారాలకు ఒకసారి రెట్టింపైతే పదహారు వారాలలో 2,560 మొక్కలవుతాయి. పూర్వపు నల్గొండ జిల్లా గుండా పారే మూసీ నదిలో దీని విస్తృతిని ఎవరైనా చూడవచ్చు. ఇది ఆవరించిన నీటిలో వెలుతురు, ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. ఆకుల ద్వారా నీరు మరింతగా ఆవిరైపోతుంది. దీని అదుపుకు 1980లలో నియోచెటినా అనే ముక్కుపురుగును విదేశాల నుండి తెచ్చి బెంగళూరులో పరిశోధించి వదిలారు. కొన్ని చోట్ల ఫలితం కనిపించినా మొక్క పూర్తిగా పోలేదు. విత్తనాలు బురదలో పదిహేను ఏళ్ళకు పైగా బ్రతికి ఉండగలవు.

సాల్వీనియా: బ్రెజిల్ ప్రాంతపు నీటి ఫెర్ను. కేరళ జలమార్గాలను అడ్డగించి 'ఆఫ్రికన్ పాయల్' అనే పేరు పొందింది.

అంతర తామర: చూడడానికి ఆకుపచ్చ గులాబీ వలె ఉంటుంది. నిలువ నీటిలో అతి వేగంగా వ్యాపిస్తుంది.

లొట్టపీసు: చెరువు కట్టల మీద ఊదారంగు పూలతో కనిపించే ఈ మొక్క కూడా అమెరికా ఖండం నుండి వచ్చినదే. కొమ్మ విరిచి గుచ్చితే చాలు బ్రతుకుతుంది. పశువులకు విషం. కొలను గట్టున నాటరాదు.

మిగులు మొక్కల విసర్జన

కొలనును పలచన చేసినపుడు తీసిన మొక్కలను కాలువలో, మురుగు తూములో, కుంటలో పడవేయరాదు. పానగల్ చుట్టుపక్కల కుంటలు, వాగులు ఒకదానితో ఒకటి కలిసిన గొలుసుకట్టు వ్యవస్థ. ఒక కుంట అలుగు పారితే ఆ నీరు, దానితో పాటు మొక్క కిందికి చేరుతుంది. తీసిన మొక్కలను బండ మీద పరచి గలగలలాడేలా ఎండబెట్టిన తరువాత ఎరువు గుంతలో వేయాలి. పూత, విత్తనం ఉన్న గుర్రపు డెక్కను ఎరువుకు కూడా వాడక, ఎండబెట్టి కాల్చివేయడం క్షేమకరం. చేపలను చెరువులో వదలడం పుణ్యమనే భావంతో అలంకరణ చేపలను ఉదయ సముద్రంలో వదలరాదు.

సంస్కృతిలో

పెత్తరమాస నాడు మొదలయ్యే బతుకమ్మ పండుగలో తంగేడు, గునుగు పూలతో పాటు తామర, కలువ పూలను కూడా పేరుస్తారు. తొమ్మిదవ నాడు సద్దుల బతుకమ్మను చెరువులో నిమజ్జనం చేస్తారు. పూలు చెరువు నుండి వచ్చి చెరువుకే చేరే ఈ పండుగకు నీరు నిండిన చెరువే వేదిక. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. కలువ ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర పుష్పంగా ఉండేది. విభజనానంతరం 2018లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం మల్లె జాతి పువ్వును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది.

చెరువులో గుర్రపు డెక్క నిండిన ఊళ్ళలో తామర, కలువ కనుమరుగవుతున్నవి. బతుకమ్మ వదలడానికి నీటి జాడ కోసం డెక్కను పక్కకు నెట్టవలసిన పరిస్థితి ఏర్పడుతున్నది. పెరటి కొలనులో స్థానిక కలువను, తామరను పెంచడం వలన ఆ జాతుల దుంపలు, గింజలు ఊరిలోనే నిలిచి ఉంటాయి. చెరువు బాగుపడిన నాడు వాటిని తిరిగి అక్కడ నాటుకొనే వీలు కలుగుతుంది.

ఇవి కూడా చూడండి

* పానగల్
* ఉదయ సముద్రం
* ఛాయా సోమేశ్వరాలయం
* తామర
* కలువ
* గుర్రపు డెక్క
* ఫ్లోరోసిస్
* బతుకమ్మ